తొమ్మిదో మెట్టు

సోమవారం, మొదటి షిఫ్టు

పీట అద్దం తుడిచాను. పాచికలు కడిగి ఆరబెట్టాను. ఎవరో మళ్ళీ పీట మీద టీ గ్లాసు పెట్టారు, గుండ్రటి మరక పడింది. నాలుగు వందల ప్రాణాలు ఈ బల్ల మీద ఆధారపడి ఉన్నాయని తెలిసి కూడా దీన్ని టీ కొట్టు బల్లలా వాడే జనానికి ఏం చెప్పాలి! 'పీట మీద గ్లాసులు పెట్టరాదు, ఇట్లు పీటపెద్ద ఓదెలు' అని కాగితం రాసి గోడకు అంటించాను. రేపటికి దాన్ని చింపి ఉప్పు పొట్లం కట్టుకుంటారని తెలిసే అంటించాను.

ముక్కుగుడ్డలు ఉతకడం ఈ వారం మా వంతు. కనకవ్వ ఉతికింది, నేను పిండాను. నీళ్ళు నల్లగా వచ్చాయి. పోయిన నెలలో బూడిద రంగులో వచ్చేవి. పడమటి వైపు మూసేసిన పాత సొరంగాల్లో బొగ్గు పొర తనంతట తానే రాజుకుని ఏళ్ళ తరబడి కాలుతోంది. ఆ పొగ గోడల పగుళ్ళలోంచి మేముండే గ్యాలరీల్లోకి, అంటే బొగ్గు తవ్వేసిన దారుల్లోకి, వస్తోంది. మా గాలి మాంత్రికురాలు సువార్త తన మంత్రంతో పెద్ద ఫ్యాన్‌ను తిప్పి దాన్ని వెనక్కి నెడుతుంది. నెట్టిన పొగ రెండో షిఫ్టుకల్లా తిరిగొస్తుంది.

కనకవ్వ నా భార్య. పిండిన గుడ్డలు తాడు మీద ఆరేస్తూ దగ్గింది. ఆగి మళ్ళీ దగ్గింది.

"గొంతుల వెంట్రుక వడ్డది," అంది.

"రెండు దినాలసంది వెంట్రుకేనా?"

"నీ గడ్డంల వెంట్రుకనే. గొరిగిచ్చుకోమంటే ఇనవైతివి."

నవ్వాను. తర్వాత ఏదో పని ఉన్నట్టు మందుల బీరువా దాకా నడిచి వెళ్ళాను. దాని మీద ఎర్ర దీపం అలాగే వెలుగుతోంది. వైద్యం బాట పట్టిన మనిషి మంత్రం చెబితేనే ఆ బీరువా కదులుతుంది, అప్పటికప్పుడు మందు తయారు చేసి ఇస్తుంది. మా వైద్యురాలు రత్నమ్మ పోయినప్పటి నుంచీ దానికి మంత్రం చెప్పేవాళ్ళు లేరు. అవతలి బొగ్గుబాయి వాళ్ళకు ఇదే గతి పట్టినప్పుడు తమ బీరువాను గడ్డపారతో పగలగొట్టారట. లోపల మందు దొరకలేదు. మందు చేసే యంత్రం మాత్రం ముక్కలయింది.

బుధవారం, రెండో షిఫ్టు

నాకంటే ముందున్న పీటపెద్దలు ఈ చిట్టాలో ఎవరు ఏ మెట్టు ఎక్కారో రాసి ఊరుకున్నారు. నా నోరూ ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు.

గ్యాలరీల పెద్ద నర్సక్క వచ్చింది. కింది వరసలో దగ్గు పట్టినవాళ్ళు పది మంది దాటారని చెప్పింది. చెప్పి, అసలు సంగతికి వచ్చింది.

"పీట ఎప్పుడు వెడ్తున్నవ్ ఓదెలన్నా? సువార్తకు ఆఖరి మెట్టు ఇప్పియ్యాలె. జనం ఆగుతలేరు."

"ఆదివారం పెడ్త."

"తొమ్మిదోదేగా?"

"అది సువార్త ఇష్టం. నేను చెప్పేది కాదు."

నర్సక్క నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

ఎండ ధాటికి తాళలేక మా తాతలు ఈ బొగ్గుబాయిలోకి దిగినప్పుడు, యంత్రాలకు మాట చెప్పే సాధనం ఏదీ వాళ్ళ దగ్గర లేదు. పట్నంలో మూతబడ్డ ఒక ఆటల హాలులో ఈ పీటా, చెవి వెనక పెట్టించుకునే చిప్‌లూ దొరికాయి. మాంత్రికులు, కత్తివీరులు, రాక్షసులు ఉండే ఆట. తాతలు ఆ ఆటలోని మంత్రాలను ఫ్యాన్‌కూ పంపుకూ దీపాలకూ బీరువాకూ తగిలించగలిగారు. ఆట నియమాలను మార్చడం మాత్రం వాళ్ళ వల్ల కాలేదు. అందుకే ఇప్పటికీ మాకు గాలి కావాలంటే నలుగురు కూర్చుని కథ ఆడాలి, పాచికలు వేయాలి. ఆట నచ్చితే పీట చిప్ ఉన్న మనిషికి ఒక మెట్టు ఇస్తుంది.

ఒక చిప్‌లో తొమ్మిది మెట్లకే చోటు. తొమ్మిదీ ఒకే బాటలో ఎక్కవచ్చు, అది ఒంటిబాట. కొన్ని ఒక బాటలో, కొన్ని మరో బాటలో కూడా ఎక్కవచ్చు, దాన్ని జోడుబాట అంటాం. ఒకసారి నిండిన చోటు మళ్ళీ ఖాళీ అవదు. మాంత్రికులు జోడుబాట పట్టకూడదని నేను మొదటి నుంచీ చెబుతూ వచ్చాను. ఒకే బాటలో పైకి వెళ్ళేకొద్దీ మంత్రం బలపడుతుంది. రెండు బాటలు పట్టినవాడు రెండింటిలోనూ సగంలో ఆగుతాడు.

ఇప్పుడు పనిచేసే చిప్‌లు రెండే ఉన్నాయి. ఒకటి ఐలయ్యది. అతను నీళ్ళ బాటలో ఐదు, దీపాల బాటలో నాలుగు ఎక్కి నిండిపోయాడు. రెండోది సువార్తది. ఎనిమిదీ గాలి మెట్లే. ఒక్క చోటు మిగిలింది.

గురువారం, మొదటి షిఫ్టు

ఫ్యాన్ గదికి సువార్తకు అన్నం డబ్బా తీసుకెళ్ళాను. ఆ పిల్ల అక్కడే నిద్రపోతోంది, అక్కడే తింటోంది. నన్ను చూసి లేచి మంత్రం అందుకుంది. పెద్ద రెక్కలు వేగం పెంచాయి, గది గోడలు అదిరాయి, పొగ తెర కదిలి పగుళ్ళ వైపు వెనక్కి జరిగింది. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మంత్రం ఆపగానే సువార్త గోడకు ఆనుకుని కూర్చుంది. గొంతు బొంగురుపోయింది.

"కాకా, తొమ్మిదోది నిజంగ ఉన్నదా?"

"మొదటిది ఎక్కినప్పుడు ఏమైంది?"

"చిన్న రెక్క కదిలింది."

"ఎనిమిదోదానికి?"

"గిదంత." చెయ్యి ఎత్తి ఫ్యాన్ వైపు చూపించింది.

"ఎనిమిది ఉన్నయ్ గద బిడ్డా. తొమ్మిదోది ఎందుకుండది?"

పీట అంచు మీద చెక్కి ఉన్నదే అప్పజెప్పాను. 'తొమ్మిదో మెట్టు: ప్రళయ మారుతం. మూసిన ద్వారాలు తెరుచుకొనును. లోకమందలి విషమంతయు తుడిచిపెట్టుకుపోవును.' పడమటి చివర నేల పైదాకా వెళ్ళే పాత గాలిబాయికి, చేతులతో నెడితే కదలని రెండు ఇనుప తలుపులున్నాయి. అవి తెరుచుకుంటే పొగ మొత్తం పైకి లాగేసుకుపోతుంది. ఒక్క మంత్రంతో నాలుగు వందల మందికి ఊపిరి ఆడుతుంది. నాకు ఇందులో అనుమానం లేదు.

సువార్త డబ్బా మూత తీసి, తినకుండా చూస్తూ కూర్చుంది.

"చిన్నమ్మ దగ్గుతాందట," అంది.

"వెంట్రుక వడ్డదంట," అన్నాను.

ఆ పిల్లకు పాచిక పట్టుకోవడం నేర్పింది కనకవ్వే. వాళ్ళిద్దరి మధ్య నడిచేది నాకు దాగదు, వాళ్ళు మాట్లాడుకున్నారని ముఖం చూస్తేనే తెలిసింది.

గురువారం, మూడో షిఫ్టు

ఇంట్లో గొడవైంది. రాస్తే గాని కోపం దిగదు.

ఐలయ్య, సువార్త భోజనానికి వచ్చారు. మేం నలుగురం, నర్సక్కతో కలిపి ఐదుగురం, ఇదే సువార్త జట్టు. నేను కథ చెబితే, మిగతా నలుగురూ ఆడితేనే ఎనిమిది మెట్లూ వచ్చాయి. పీట జట్టును గుర్తుపెట్టుకుంటుంది. మనిషి మారితే ఆటను మళ్ళీ మొదటి నుంచి ఆడిస్తుంది. అందుకే ఆదివారం దాకా అందరూ బాగుండాలని పప్పు వడ్డిస్తూ అన్నాను. కనకవ్వ అక్కడే పట్టుకుంది.

"బాగుండకపోతేనో? సువార్త ఒక్క మెట్టు వైద్యం వట్టుకుంటే బీరువా తెరుసుకుంటది. దగ్గుతోని వడ్డోళ్ళందరికి మందొత్తది. ఏం వోతది?"

"తొమ్మిదోది పోతది."

"తొమ్మిదోది ఎవ్వలన్న సూసిండ్రా?"

"పీట అంచు మీద రాసున్నది గదనే."

"రాసినోడు సూసిండా? నాకైతే ఒకటి అనిపిస్తది. గీ ఆట చేసినోనికి ఎర్కనే ఉంటది, ఆఖరి దాంక ఎవ్వడు ఆడడని. నాలుగు దినాలు ఆడి ఎవలింటికి వాళ్ళు వోతరు. చివర్ల ఏదో పెద్దగ రాసి పెడ్తడు, సూస్తందుకు మంచిగుంటదని."

"నువ్వు ఎప్పటికి గింతే. నీ ఆటల మనిషి సగం కత్తి, సగం మంత్రం. రెండిట్ల ఏదీ సక్కగ రాదు. నీకు ఒంటిబాట విలువేం ఎర్క?"

"నా మనిషి ఇంక బతికే ఉన్నది. నీ కథల సచ్చిన ఒంటిబాట మాంత్రికులను లెక్కవెట్టుకో పో."

సువార్త కంచంలోకి చూస్తూ నవ్వు ఆపుకుంది. నాకు మండింది. ఐలయ్యను చూపించి, జోడుబాట పడితే ఏమవుతుందో ఎదురుగానే ఉంది కదా అన్నాను. ఐలయ్య సాధారణంగా మాట్లాడడు. ఈసారి మాట్లాడాడు.

"నన్ను జూపెట్టి పిల్లలను బెదిరిస్తరని నాకు ఎర్కనే ఓదెలన్నా. నేను దీపం మెట్టు వట్టిన దినం గ్యాలరీల మొత్తం చీకటి. నర్సక్క కోడలు చీకట్ల కానుపు అయితాంది. మంత్రసాని చేతులతోని తడుముకుంటాంది. నన్నేం చెయ్యమంటవ్? జెర ఆగుండ్రి, నేను నీళ్ళల్ల తొమ్మిది ఎక్కినంక సూద్దాం అనమంటవా?"

నేను నీళ్ళలో మునిగిపోయిన అడుగు గ్యాలరీ పేరెత్తాను. అతని పంపు అంత లోతు నుంచి నీళ్ళు ఎత్తలేకపోయింది, అందరికీ తెలిసిందే. ఐలయ్య కంచం పక్కకు జరిపి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ గ్యాలరీలో అతని అన్న కుటుంబం ఉండేది. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. కనకవ్వ గోడవైపు తిరిగి పడుకుంది, పడుకుని దగ్గుతూనే ఉంది.

శనివారం, మొదటి షిఫ్టు

కనకవ్వ లేవలేదు. పెదవుల రంగు మారింది. గంజి ఇస్తే రెండు గుక్కలు తాగి చాలంది. నిన్న కింది వరసలో మల్లేశం చనిపోయాడు. అతనికీ ఇలాగే మొదలైంది, ముందు దగ్గు, తర్వాత నిద్ర, తర్వాత పెదవులు. అందుకే అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

నీళ్ళ కోసం వరసలో నిలబడితే ముందు ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. నేను వెనకున్న సంగతి వాళ్ళకు తెలియదు.

"ఇన్నేండ్లు ఒంటిబాట, ఒంటిబాట అన్నడు. ఇప్పుడు పెండ్లానికి దగ్గువట్టింది. ఆదివారం సూడుండ్రి, వైద్యమే ముద్దంటడు."

"ఎవలింటి బాధ వాళ్ళకు. మన పిల్లల సంగతి ఎవలు సూస్తరు?"

ఖాళీ బిందెతో తిరిగొచ్చేశాను. ఇరవై ఏళ్ళు పీట దగ్గర కూర్చున్నాను. నా వాళ్ళకని ఒక్క పాచిక అటూ ఇటూ జరపలేదు. నా సొంత తమ్ముడు చిప్ కావాలని కాళ్ళావేళ్ళా పడితే, వాడికి చేతకాదని అందరి ముందూ చెప్పి పంపాను. వాడు చనిపోయేదాకా నాతో మాట్లాడలేదు. ఇంత చేసినా నన్ను అనుమానించడానికి జనానికి ఒక్క దగ్గు చాలు.

సువార్త వచ్చి కనకవ్వ పక్కన కూర్చుంది. నన్ను బయటికి పంపి ఇద్దరూ మాట్లాడుకున్నారు. బయటికొచ్చాక ఆ పిల్ల నా ముందు నిలబడింది.

"కాకా, నువ్వు చెప్పు. నువ్వేదంటే గదే."

"పీటపెద్ద చెప్పొద్దు బిడ్డా. ఆచారం."

"ఆచారం నాకెర్కనే. నిన్ను అడుగుతన్న."

నేను తల తిప్పుకున్నాను. కింద కొత్తగా ఎవరికో దగ్గు ఎక్కువైందని కబురొస్తే ఆ వంకతో అటు నడిచాను.

ఆదివారం, రెండో షిఫ్టు

పీట పెట్టాం.

కనకవ్వను ఐలయ్య వీపు మీద మోసుకొచ్చాడు. గురువారం నేనన్న మాట తర్వాత అతను వస్తాడనుకోలేదు. వచ్చాడు, నా ముఖం చూడకుండా ఆమెను గోడకు ఆనించి కూర్చోబెట్టి, వెనక దుప్పటి మడిచి పెట్టాడు. నర్సక్క ఎదురుగా కూర్చుంది. సువార్త నా కుడివైపు. గుమ్మం నిండా జనం నిలబడ్డారు. మామూలుగా ఎవరూ చూడటానికి రారు.

కథ చెప్పాను. కొండ కోట ద్వారం దగ్గర రాతి రాక్షసుడు కాపలా ఉన్నాడు. ఐలయ్య ఆడే మనిషి మొదట్లోనే పడిపోయాడు. నర్సక్క బాణాలు రాతికి తగిలి విరిగిపోయాయి. సువార్త తన మంత్రాలన్నీ వాడేసింది, చివరిది కూడా పారలేదు. ఆట పోయిందనుకున్నాను. పోతే మళ్ళీ వారం ఆగాలి. ఒక్క క్షణం ఆటను పోనిస్తే బాగుండుననిపించింది.

కనకవ్వకు మాట రావడం లేదు. వేలితో అద్దం మీద కత్తి బొమ్మ గీసింది. అంటే మంత్రం వదిలి కత్తి తీస్తుందన్నమాట. పాచిక అందుకుని, దగ్గు తెర ఆగేదాకా పట్టుకుని, వేసింది. ఇరవై పడింది. ఇరవై ముఖాల పాచికలో అంతకంటే పెద్దది లేదు. రాక్షసుడి మెడ తెగింది. గుమ్మంలో జనం కేకలు పెట్టారు. కనకవ్వ నావైపు చూసి కనుబొమ్మలు ఎగరేసింది. అంత జబ్బులోనూ అదే పొగరు.

పీట అద్దం కింద తెల్ల దీపం వెలిగింది. సువార్తకు మెట్టు దక్కింది.

ఆచారం ప్రకారం పీటపెద్ద మూడుసార్లు అడగాలి. చిప్ మనిషి జవాబు చెప్పి వేలు ఆనించాలి. మూడోసారికి కూడా నోరు విప్పకపోతే, పీటపెద్దే చెప్పాలి. అది చెల్లుతుంది. ఇరవై ఏళ్ళలో ఎవరూ నా మీదికి ఆ పని నెట్టలేదు.

"ఏ బాట?" అన్నాను.

సువార్త పీట వైపే చూస్తోంది.

"ఏ బాట?"

ఆ పిల్ల కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"ఏ బాట బిడ్డా?"

జవాబు లేదు. ఆచారం పెట్టినవాడికి పెళ్ళాం లేదేమో, ఉన్నా దగ్గలేదేమో. నర్సక్క నన్ను చూస్తోంది. ఐలయ్య చూస్తున్నాడు. గుమ్మంలో ముందు వరసలో నీళ్ళ దగ్గర కనిపించిన ఆ ఇద్దరు ఆడవాళ్ళున్నారు, ఒకామె చంకలో పిల్ల ఉంది. కనకవ్వ మాత్రం నన్ను చూడటం లేదు. పాచికలు ఒక్కొక్కటిగా ఏరి సంచిలో వేసుకుంటోంది.

"గాలి," అన్నాను.

సువార్త వేలు ఆనించింది. దీపం నీలంగా మారి ఆరిపోయింది.

నాలుగు వందల మంది కోసం అన్నానని రాస్తే ఈ చిట్టా చదివేవాళ్ళు నమ్ముతారు. తొమ్మిదో మెట్టు మీద నాకు నమ్మకం ఉన్నమాట నిజమే. కానీ ఆ మాట నోట్లోంచి వచ్చింది మాత్రం గుమ్మంలో ఉన్న ముఖాలను చూసి. వైద్యం అని ఉంటే వాళ్ళు ఏమనుకునేవారో నాకు ముందే వినిపించింది.

తిరుగు దారిలో కనకవ్వను నేనే ఎత్తుకున్నాను. చాలా తేలికైపోయింది. నా చెవి దగ్గర గొణిగింది.

"నా సగం కత్తి లేకపోతే నీ మెట్టే లేకపోవు. యాదికుంచుకో."

"ఉంచుకుంటనే."

"రాసి పెట్టు."

రాశాను.

సోమవారం, మూడో షిఫ్టు

కొత్త మెట్టు చిప్‌లో కుదురుకోవడానికి ఒక నిద్ర కావాలి. సువార్త నిద్రపోయి ఉంటుందని నేననుకోను. పొద్దున్నే గ్యాలరీలన్నీ ఖాళీ చేసి జనమంతా పడమటి సొరంగంలో పోగయ్యారు. మంచానపడ్డ వాళ్ళను కూడా కొందరు దుప్పట్లలో మోసుకొచ్చారు. నేను కనకవ్వను తీసుకురాలేదు. కదిలిస్తే ఊపిరి అందడం లేదు. పొరుగామెను పక్కన కూర్చోబెట్టి, గాలి రాగానే పరుగెత్తుకొస్తానని చెప్పి వచ్చాను.

ఇనుప తలుపులకు ఎదురుగా సువార్త నిలబడింది. జనం ముక్కుగుడ్డలు విప్పేశారు. కొత్త గాలిని గుడ్డ అడ్డం లేకుండా పీల్చాలని ఎవరో అన్నారు, అందరూ విప్పారు. నేను కూడా విప్పాను.

ఆ పిల్ల మంత్రం చెప్పింది. పొడవైన మంత్రం, ఎప్పుడూ వినని మాటలు. బొంగురు గొంతు మధ్యలో రెండుసార్లు పట్టేసింది, అయినా తప్పు లేకుండా పూర్తి చేసింది.

సొరంగం కప్పుకు ఉన్న దీపాలన్నీ ఒక్కసారిగా ఎర్రగా, పచ్చగా, నీలంగా వెలిగి, ఒకదాని వెనక ఒకటి పరుగెత్తాయి. హెచ్చరికలకు తప్ప మోగని స్పీకర్లలోంచి డప్పులు మోగాయి, కొమ్ములు పలికాయి. జనం ఆనందంతో అరిచారు. పిల్లలు ఎగిరారు. తర్వాత ఒక ఆడగొంతు వినిపించింది. మంచి గొంతు, నవ్వుతూ మాట్లాడుతోంది.

"శభాష్ వీరులారా! మీ యాత్ర దిగ్విజయంగా ముగిసింది. మాతో ఆడినందుకు ధన్యవాదాలు."

డప్పులు ఇంకాసేపు మోగి ఆగిపోయాయి. దీపాలు మామూలు పసుపు రంగుకు వచ్చాయి. ఫ్యాన్ ఎప్పటి వేగంతోనే తిరుగుతోంది. తలుపులు కదలలేదు.

జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ముందు వరస ఆపింది, తర్వాత మధ్యలో వాళ్ళు ఆపారు, వెనక వాళ్ళు ఆపడానికి ఇంకాసేపు పట్టింది. నర్సక్క నడిచి వెళ్ళి ఇనుప తలుపు మీద అరచెయ్యి పెట్టింది. రెండు చేతులతో నెట్టింది. అక్కడే కింద కూర్చుండిపోయింది.

"గాలి ఇగ వత్తదా?" అని వెనక నుంచి ఒకామె అడిగింది. ఆమె మళ్ళీ అడిగింది.

తాతలు ఫ్యాన్‌కు మంత్రాలు తగిలించినప్పుడు ఎనిమిదో దాకా తగిలించారు. తొమ్మిదోదానికి ఏమీ తగిలించలేదు. లేదా తగిలించడానికి అందులో ఏమీ లేదు. ఎవరూ అక్కడిదాకా రారని ఆట చేసినవాళ్ళు అనుకున్నారు, మా తాతలూ అనుకున్నారు. కనకవ్వ అన్నం తింటూ అన్న మాట అదే. నేను పీట అంచు మీద అక్షరాలు చూపించాను.

"గుడ్డలు కట్టుకోండ్రి," అని ఐలయ్య అరిచాడు. "పొగ వత్తాంది. గుడ్డలు కట్టుకోండ్రి అందరు. పిల్లలకు ముందు కట్టుండ్రి."

సువార్త ఇంకా తలుపుల వైపే నిలబడి ఉంది. మళ్ళీ మంత్రం మొదలుపెట్టింది. ఈసారి దీపాలు కూడా వెలగలేదు. నేను ఆ పిల్ల దగ్గరికి వెళ్ళలేకపోయాను. ఇంటికి పరుగెత్తాను.

పొరుగామె నా ముఖం చూసి లేచి బయటికి వెళ్ళిపోయింది. కనకవ్వ కళ్ళు తెరిచే ఉన్నాయి.

"డప్పు సప్పుడు ఇనవడ్డది," అంది. ఒక్కో మాటకూ ఆగి ఊపిరి తీసుకుంటోంది. "గాలొచ్చిందా?"

"వచ్చింది," అన్నాను.

ఎలా అన్నానో నాకు తెలియదు. దండెం మీది తువాలు లాగి, ఆమె తల వైపు వెళ్ళి, కనిపించకుండా నిలబడి విసరడం మొదలుపెట్టాను. నెమ్మదిగా, ఆగకుండా. ఆమె నుదుటి మీద వెంట్రుకలు కదిలాయి.

"సల్లగ తాకుతాంది," అంది.

"తలుపులు తెరుసుకున్నయ్. పొగంత పోతాంది."

"అందరికి?"

"అందరికి."

తర్వాత చెయ్యి కొంచెం ఎత్తింది, నన్ను పిలిచినట్టు. నేను విసరడం ఆపకుండా వంగాను.

"నువ్వు చెప్పిందే నిజమైంది. ఒంటిబాటనే మంచిది." మధ్యలో దగ్గు వచ్చింది, తగ్గేదాకా ఆగింది. "నేను ఊకెనే కొట్లాడిన నీతోని."

ముప్పై ఏళ్ళ కాపురంలో కనకవ్వ నాతో ఒక్క వాదనలోనూ ఒప్పుకోలేదు. అన్నంలో ఉప్పు దగ్గర నుంచి ఆటలో కత్తి దాకా దేంట్లోనూ ఒప్పుకోలేదు. ఇవాళ ఒప్పుకుంది. ఇలాంటి గెలుపు పగవాడికి కూడా వద్దు. లేదని చెప్పాలనుకున్నాను, నువ్వు చెప్పిందే నిజమని చెప్పాలనుకున్నాను. అలా చెబితే గాలి రాలేదని కూడా చెప్పాలి. నేను తువాలు విసురుతూనే ఉన్నాను.

భుజం పట్టేసి చెయ్యి ఆగబోయేసరికి ఎవరో తువాలు అందుకున్నారు. సువార్త. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. నా చోట నిలబడి, నేను విసిరినట్టే నెమ్మదిగా విసరసాగింది. తొమ్మిది మెట్లూ గాలి బాటలోనే ఎక్కిన పిల్ల.

నేను కనకవ్వ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాను.

"సువార్తకు చెప్పు," అంది కనకవ్వ. "మంచి మెట్టు వట్టిందని చెప్పు."

"చెప్త," అన్నాను.

సువార్త తల వెనకే ఉంది. చప్పుడు కాకుండా ఏడుస్తూ విసురుతోంది. కనకవ్వ ఊపిరి ఆగి, మళ్ళీ వచ్చి, ఆగిపోయింది. ఆ తర్వాత రాలేదు. ఆ పిల్లకు అది కనిపించిందో లేదో నాకు తెలియదు. రెండో షిఫ్టు గంట కొట్టినా తువాలు దించలేదు. నేనే లేచి చెయ్యి పట్టుకుని ఆపాను.